ముప్పై నాలుగేళ్ల తమ్ముడికి గుండెపోటు: అన్నగా నేను ఏ పరీక్షలు చేయించుకోవాలి?

తాడిపత్రి అన్న (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా తాడిపత్రి. నా వయసు 38, మా తమ్ముడి వయసు 34. ఇద్దరమూ కలిసి బండల పాలిష్ ఫ్యాక్టరీ నడుపుతున్నాము. తమ్ముడికి గుండెపోటు వచ్చి నేటికి మూడు వారాలు. జరిగినది జరిగినట్లు రాసి, చివర నా సందేహాలు అడుగుతాను. తెలిసినవారు దయచేసి సమాధానం చెప్పగలరు.

ఆ రాత్రి పదిన్నరకు పెళ్లి విందు నుంచి ఇంటికి వచ్చిన తమ్ముడు, ఛాతీ మీద ఎవరో బండ పెట్టినట్లుగా ఉందని, గొంతు దాకా మంట వస్తోందని చెప్పి, సోడాలో నిమ్మకాయ, ఉప్పు కలుపుకొని తాగాడు. రెండు తేన్పులు రాగానే తగ్గిందనుకొని పడుకున్నాడు. పదకొండున్నరకు వాడి భార్య నన్ను పిలిచింది. వెళ్లి చూస్తే మంచం మీద లేచి కూర్చొని ఉన్నాడు. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది, ఒంటి మీది బనియను మాత్రం పిండితే నీళ్లు కారేలా తడిసిపోయి ఉంది. వీధి చివరి ఆర్‌ఎంపీ గారు వచ్చి గ్యాస్ ఇంజెక్షను వేశారు. అయినా తగ్గకపోయేసరికి పన్నెండున్నరకు ఒక నర్సింగ్ హోమ్‌కు తీసుకెళ్లాము. అక్కడ ఒక్కసారి ఈసీజీ తీసి, నార్మల్‌గానే ఉందని, ఈ వయసులో గుండెపోటు ఏమిటని, పెళ్లి భోజనం అరగలేదని చెప్పి పంపించారు. ఆ మాటతో మేము ఎంత తేలికపడ్డామంటే, తిరిగి వచ్చేటప్పుడు బండి మీద నేనే వాడిని, రెండు ముక్కలు తక్కువ తిని ఉంటే సరిపోయేది కదరా అని ఎగతాళి చేశాను.

తెల్లవారుజామున ఐదు గంటలకు వాంతి అయి, లేచి నిలబడలేక గోడకు జారగిలబడ్డాడు. 108లో అనంతపురం చేరేసరికి ఆరున్నర దాటింది. అక్కడ ఈసీజీ కాగితం చూసిన వెంటనే పరుగున లోపలికి తీసుకెళ్లారు. గుండె ముందు భాగానికి వెళ్లే పెద్ద రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిందని చెప్పి స్టెంటు, అంటే నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం, వేశారు. ఎకో స్కానులో గుండె పంపింగ్ 38 శాతం ఉందని రాశారు. ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు, మాత్రలు వేసుకుంటున్నాడు.

తమ్ముడికి షుగరు, బీపీ లేవు. పద్దెనిమిదో ఏట నుంచి రోజుకు పది సిగరెట్లు తాగేవాడు. నేను తాగను, అయితే నాలుగేళ్ల క్రితం వరకు గుట్కా అలవాటు ఉండేది. మా ఇంట్లో గుండె జబ్బు ఎవరికీ లేదు. మా నాన్నగారు 49వ ఏట పోయారు గానీ అది వేరే కారణం. చేనులో చెనిక్కాయ (వేరుశనగ) పెరికిస్తూ ఉండగా ఎండదెబ్బ తగిలి పడిపోయారు. పోయిన ఏడాది నేను ఒక హెల్త్ చెకప్ ప్యాకేజీలో ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకున్నాను, బాగుందని రిపోర్టు ఇచ్చారు.

నా ప్రశ్నలు మూడు. ఆ రాత్రి మేము ఎక్కడ తప్పు చేశాము? ట్రెడ్‌మిల్ పరీక్ష బాగుంది కనుక నాకు భయం లేదనుకోవచ్చా, లేక ఇంకేమైనా చేయించుకోవాలా? మా బంధువులలో సగం మంది ఇది కరోనా టీకా వల్లనే అంటున్నారు, అందులో నిజం ఉందా?

కర్నూలు ఫిజీషియన్:

మీ తమ్ముడు ప్రాణాలతో ఇంటికి చేరినందుకు సంతోషం. నేను పదిహేడేళ్లుగా జనరల్ మెడిసిన్ చేస్తున్నాను. కాగితాలు చూడకుండా, మనిషిని పరీక్షించకుండా చెప్పే మాటలు ఇవి అని గుర్తుంచుకొని చదవండి.

మొదట ఆ రాత్రి సంగతి చూద్దాము. గుండె కండరానికి రక్తం అందించే నాళాల గోడల్లో ఏళ్ల తరబడి కొవ్వు పేరుకొని పూడిక ఏర్పడుతుంది. ఆ పూడిక నాళంలో సగం కూడా మూయకపోవచ్చు, మనిషికి ఏ ఇబ్బందీ తెలియకపోవచ్చు. అయితే ఒక రోజు దాని పైపొర చిట్లినా, ఒరుసుకుపోయినా, ఆ చోట నిమిషాలలో రక్తం గడ్డ కడుతుంది. ఆ గడ్డ ఒక్కసారే నాళాన్ని మూసి ఊరుకోదు; కొంత మూస్తుంది, కొంత కరుగుతుంది, మళ్లీ మూస్తుంది. నొప్పి వచ్చి, తగ్గినట్లే తగ్గి, మళ్లీ రావడానికీ, పన్నెండున్నరకు బాగున్న ఈసీజీ తెల్లవారేసరికి మారిపోవడానికీ చాలాసార్లు ఇదే కారణం. అందువల్ల ఒక్క ఈసీజీ బాగున్నంత మాత్రాన గుండెపోటు కాదని చెప్పడానికి వీలులేదు. నొప్పి ఉన్నవారికి మొదటి గంటలో పదిహేను నుంచి ముప్పై నిమిషాలకు ఒకసారి మళ్లీ ఈసీజీ తీయాలి; ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష చేయాలి; అది మొదటిసారి మామూలుగా వచ్చినా మూడు గంటల తర్వాత, పాత రకం కిట్ అయితే ఆరు గంటల తర్వాత, మళ్లీ చేయాలి, ఎందుకంటే కండరం దెబ్బతిన్న కొన్ని గంటలకు గాని ఆ పదార్థం పరీక్షకు దొరికేంతగా రక్తంలోకి చేరదు. మీకు జరిగిన లోపం ఈసీజీ తప్పుగా చదవడం కాకపోవచ్చు. ఒక్కదానితో ఆపి ఇంటికి పంపడం.

ఆ డ్యూటీ డాక్టరును నేను గట్టిగా తప్పు పట్టలేను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది, అప్పుడు నేను పని చేస్తున్న చోట, 29 ఏళ్ల ఆటో డ్రైవరు ఒకతను కడుపు పైభాగంలో మంట అని వస్తే, వయసు చూసి యాంటాసిడ్ సీసా రాసి పంపించాను. నాలుగు గంటల తర్వాత అతన్ని స్ట్రెచరు మీద తెచ్చారు. గుండె అడుగు భాగం ఉదరవితానం మీద, అంటే ఛాతీకీ కడుపుకూ మధ్య ఉండే కండరపు పొర మీద, ఆనుకొని ఉంటుంది. ఆ వైపు దెబ్బతిన్నప్పుడు నొప్పి ఛాతీలో కాక బొడ్డు పైన, మంటగా, వాంతితో కలిసి వస్తుందని పుస్తకంలో చదివి పరీక్షలో మార్కులు తెచ్చుకున్నవాడినే, ఆ మనిషి ఎదురుగా నిలబడినప్పుడు మరిచిపోయాను. అతను బతికాడు. అప్పటి నుంచి చెమటతో వచ్చిన గ్యాస్‌ను నేను గ్యాస్ అనడం మానేశాను. తేన్పు వస్తే, యాంటాసిడ్ తాగితే నొప్పి తగ్గడం కూడా గుండె కాదనడానికి రుజువు కాదు.

మీ వైపు నుంచి చూస్తే, పదకొండున్నరకు చెమట చూసినప్పుడే 108కు ఫోన్ చేయవలసింది. మూసుకుపోయిన నాళాన్ని తెరవడానికి రెండు దారులు ఉన్నాయి. రెండు గంటలలోపు చేయగలిగితే నేరుగా యాంజియోప్లాస్టీ, అంటే సన్నని గొట్టంతో నాళాన్ని తెరిచి స్టెంటు వేయడం, మేలు. అంత దగ్గరలో అది చేసే గది, అంటే క్యాథ్ ల్యాబ్, లేకపోతే గడ్డను కరిగించే ఇంజెక్షను, అంటే స్ట్రెప్టోకైనేజ్ లేదా టెనెక్టెప్లేజ్, ముందు దగ్గరలోనే ఇచ్చి తర్వాత పెద్ద ఆసుపత్రికి పంపాలి. ఆ ఇంజెక్షను పన్నెండు గంటల దాకా ఇవ్వవచ్చు గానీ, దాని అసలు బలమంతా మొదటి మూడు గంటలలోనే ఉంది. ఆదోని, రాయదుర్గం, కదిరి వంటి ఊళ్ల నుంచి జిల్లా కేంద్రానికి రావడానికే ఎంతసేపు పడుతుందో మనకు తెలుసు. మీ ఊరికి దగ్గరలో ఆ ఇంజెక్షను ఏ ఆసుపత్రిలో అర్ధరాత్రి కూడా ఇస్తారో పగటి పూట వెళ్లి అడిగి రాసిపెట్టుకోండి.

ఇక మీ సంగతి. ట్రెడ్‌మిల్ పరీక్ష, నాళం సుమారు 70 శాతం ఇరుకైనప్పుడు పరుగెడితే రక్తం చాలక వచ్చే మార్పును పట్టుకుంటుంది. పైన చెప్పిన చిన్న పూడికను, రేపు చిట్లబోయేదానిని, అది చూడలేదు. కనుక ఆ రిపోర్టును చూసి నిశ్చింతగా ఉండకండి. అలాగని భయపడి నేరుగా యాంజియోగ్రామ్‌కు కూడా పరుగెత్తవద్దు.

మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. చెనిక్కాయ పెరికేది మన సీమలో అక్టోబరు, నవంబరు నెలల్లో. ఎండదెబ్బకు ఒక 49 ఏళ్ల రైతు నిలువునా కూలిపోయే కాలం కాదు అది. అప్పట్లో చేనులో పడిపోయినవారికి ఎవరూ ఈసీజీ తీయలేదు. ఊరు ఏదో ఒక పేరు పెట్టింది, ఇంట్లో అదే నిలిచిపోయింది. మీ అమ్మగారు ఉంటే, ఆ ముందు రోజు, ముందు రాత్రి నాన్నగారు ఏమైనా చెప్పారా అని నెమ్మదిగా అడగండి. తండ్రికి గాని, అన్నదమ్ములకు గాని 55 ఏళ్లలోపు, తల్లికి గాని, అక్కచెల్లెళ్లకు గాని 65 ఏళ్లలోపు గుండె జబ్బు వచ్చి ఉంటే దానిని మేము వంశపారంపర్య ముప్పుగా లెక్కిస్తాము. తమ్ముడి వల్ల మీరు ఆ లెక్కలోకి ఎలాగూ వచ్చారు. నాన్నగారిది కూడా అదే అయితే విషయం ఇంకా బరువైనది.

చేయించుకోవలసినవి పెద్ద ఖర్చువి కావు. వేర్వేరు రోజుల్లో బీపీ, పరగడుపు షుగరు, దానితో పాటు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, రక్తంలో కొవ్వులు చూసే లిపిడ్ ప్రొఫైల్, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్, ఒక ఈసీజీ, ఒక ఎకో. వీటికి తోడు లైపోప్రోటీన్-ఎ అనే పరీక్ష జీవితంలో ఒక్కసారి చేయించుకోండి. అది తిండితోనూ వ్యాయామంతోనూ పెద్దగా మారేది కాదు, పుట్టుకతో వచ్చేది. మన దేశస్థులలో ఎక్కువగా ఉండేవారు చాలామంది. డెసిలీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే ముప్పు పెరిగినట్లు లెక్క. చెడు కొలెస్టరాల్, అంటే ఎల్‌డీఎల్, 190 దాటితే అది కుటుంబంలో వచ్చే కొవ్వు జబ్బేమో చూడాలి. టేపు తీసుకొని నడుము కొలుచుకోండి: మన మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటకూడదు. బరువు మామూలుగానే ఉండి పొట్ట మాత్రమే ముందుకు వచ్చిన మనిషి మన దగ్గర సన్నగా ఉన్నానని అనుకుంటాడు. గుండె విషయంలో అది తప్పు లెక్క.

52 దేశాలలో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో మొదటి గుండెపోటు వచ్చే మధ్యస్థ వయసు (సగం మందికి ఆలోపే వచ్చిన వయసు) దక్షిణాసియా వారిలో 53 ఏళ్లు, మిగతావారిలో దాదాపు 59 అని తేలింది. అంటే మనవాళ్లకు సుమారు ఆరేళ్లు ముందే వస్తోంది. దానికి కారణాలు కూడా వింతవి కావు: పొగాకు, రక్తంలో కొవ్వు, బీపీ, షుగరు, పొట్ట, కదలిక లేకపోవడం, కూరగాయలు, పండ్లు తక్కువ తినడం, మనసు మీద ఒత్తిడి వంటివే. మీ తమ్ముడి వయసు వారిలో నేను చూసే గుండెపోట్లలో సిగరెట్టో, బీడీనో, నమిలే పొగాకో లేని కేసు అరుదు. మీరు గుట్కా మానినది మంచి పని. అయితే నాలుగేళ్ల క్రితం వరకు తిన్నారన్న సంగతి మీ డాక్టరుకు చెప్పండి.

అనంత యువకుడు:

డాక్టర్ గారికి నమస్కారం. సిగరెట్టు, పొట్ట అంటున్నారు, సరే. మరి కన్నడ హీరో పునీత్ రాజ్‌కుమార్ గారికి ఏ అలవాటు ఉంది? రోజూ వ్యాయామం చేసే మనిషి 2021 అక్టోబరు 29న 46వ ఏట పోయారు. మన కుప్పంలో 2023 జనవరిలో పాదయాత్రలో కూలిపోయిన నటుడు తారకరత్న గారికి నలభై కూడా నిండలేదు. ఇవన్నీ కరోనా టీకాలు వేసిన తర్వాత జరిగినవే. మా కాలేజీలో కుర్రాళ్లు ఈ మధ్య జిమ్ముకు వెళ్లడమే మానేస్తున్నారు. దీనిని ఊరికే కొట్టిపారేయడం న్యాయం కాదని నా అభిప్రాయం.

కర్నూలు ఫిజీషియన్:

కొట్టిపారేయడం లేదు బాబూ, నిజంగానే దానిని లెక్కగట్టి చూశారు. భారత వైద్య పరిశోధన మండలి, దేశంలోని 47 పెద్ద ఆసుపత్రుల నుంచి, 18 నుంచి 45 ఏళ్ల మధ్య వయసులో కారణం తెలియకుండా హఠాత్తుగా మరణించినవారి వివరాలు సేకరించింది. 2021 అక్టోబరు నుంచి 2023 మార్చి వరకు జరిగిన మరణాలవి. అదే వయసు, అదే ప్రాంతం వారైన బతికి ఉన్నవారితో వాటిని పోల్చి చూశారు. టీకా వల్ల ఆ మరణాల ముప్పు పెరగలేదని తేలింది. పెంచినవి ఏమిటంటే: కుటుంబంలో ఎవరైనా ఇలాగే హఠాత్తుగా పోయి ఉండడం, కరోనాతో ఆసుపత్రిలో చేరవలసి రావడం, చనిపోవడానికి ముందు రెండు రోజులలో విపరీతంగా మద్యం తాగడం, మత్తుపదార్థాలు, ఆ రెండు రోజులలోనే తీవ్రమైన శారీరక శ్రమ. టీకాలు దేశంలో దాదాపు పెద్దలందరూ వేసుకున్నారు. అందువల్ల ఆ తర్వాత ఏ మరణం జరిగినా టీకా తర్వాత జరిగినదే అవుతుంది.

ప్రముఖుల మరణాల గురించి, వారి కాగితాలు చూడనివాడిని, నేను ఊహలు చెప్పను. జిమ్ముకు వెళ్లడం మానవలసిన అవసరం మాత్రం లేదు. ఏడాదంతా కుర్చీలో కూర్చొని, పండుగ రోజు కబడ్డీ పోటీకి దిగేవాడికి ప్రమాదం. రోజూ నలభై నిమిషాలు నడిచేవాడికి కాదు. ఛాతీలో బరువు, కళ్లు తిరగడం, పరుగులో స్పృహ తప్పడం వంటివి ఉంటే ముందు ఎకో, ఈసీజీ చేయించుకోవాలి. పాతికేళ్ల లోపు ఆటగాళ్లు కూలిపోయినప్పుడు కారణం చాలాసార్లు నాళం మూసుకుపోవడం కాదు, పుట్టుకతో ఉన్న గుండె కండరపు మందమో, గుండె విద్యుత్తులో లోపమో అయి ఉంటుంది. అది వేరే కథ.

ప్రొద్దుటూరు వ్యాపారి:

అన్నగారికి నమస్కారం. మీ తమ్ముడికి చదివి వినిపించండి అనే ఉద్దేశంతో రాస్తున్నాను. నాకు 36వ ఏట, ఐదేళ్ల క్రితం, ఇదే నాళంలో స్టెంటు వేశారు. బంగారం కొట్టులో కూర్చొని చేసే వ్యాపారం; ఉదయం కారం దోసె, మధ్యాహ్నం మూడు గంటలకు భోజనం, రాత్రి పదకొండుకు మళ్లీ భోజనం, మధ్యలో లెక్క లేనన్ని టీలు, టీ టీకి ఒక సిగరెట్టు.

స్టెంటు వేసిన మొదటి రెండు నెలలు మనిషి పిల్లిలా నడుస్తాడు. గుండె కొట్టుకోవడం చెవికి వినిపిస్తుంది. రాత్రి ఎడమ వైపు తిరిగి పడుకోవడానికి భయం. ఈ భయం మామూలేనని నాకు ఎవరూ చెప్పలేదు. తర్వాత నెమ్మదిగా ధైర్యం వస్తుంది, ఆ ధైర్యమే నన్ను ముంచింది. ఏడో నెలలో నాకంతా బాగుందనిపించింది. మాత్రలు వేడి చేస్తాయని, కాలేయం పాడవుతుందని ఒక బంధువు చెబితే, రక్తం పలచబడడానికి ఇచ్చిన రెండు మాత్రలూ, కొవ్వు మాత్రా మానేసి ఏదో కషాయం తాగడం మొదలుపెట్టాను. పంతొమ్మిదో రోజున కొట్టులో తూకం వేస్తూ ఉండగా మళ్లీ అదే బరువు, అదే చెమట. స్టెంటు లోపలే గడ్డ కట్టిందని చెప్పారు. మొదటిసారి పంపింగ్ 50 ఉండేది, రెండోసారి తర్వాత 40కి దిగింది. నేను మందుల చీటీ వెనక వైపు, ఏడాది లోపల ఆ రెండు మాత్రలలో ఏదీ డాక్టరును అడగకుండా మానకూడదని పెద్ద అక్షరాలతో రాసి అద్దానికి అతికించుకున్నాను. పళ్లు పీకించుకోవడానికి వెళ్లినప్పుడు కూడా ఆ చీటీ పట్టుకెళ్లాను.

ఖర్చు గురించి మీరు అడగలేదు గానీ చెబుతాను. రేషన్ కార్డు ఉన్నవారికి ఆరోగ్యశ్రీ కింద, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, స్టెంటు వేయడం వర్తిస్తుంది. ఆసుపత్రిలో వైద్యమిత్ర బల్ల దగ్గర మొదటే అడగాలి. డబ్బు కట్టి వేయించుకునేవారికి కూడా 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంటుకు గరిష్ఠ ధర పెట్టిన తర్వాత బిల్లులో ఆ వరుస చాలా తగ్గింది. అయితే తగ్గినది ఆ ఒక్క వరుసే. మిగతావి కూడా కాగితం మీద విడివిడిగా రాయించుకోండి.

సిగరెట్టు విషయంలో నేను తమ్ముడికి నీతులు చెప్పలేను. నాకు మొదటి గుండెపోటు తర్వాత ఐదో నెలలో మళ్లీ ఒకటి ముట్టించిన చెయ్యి ఇది. రెండో దాని తర్వాత మాత్రం కొట్టు పక్కన ఉన్న టీ బంకుకు వెళ్లడం మానేసి, టీని కొట్టుకే తెప్పించుకోవడం మొదలుపెట్టాను. మానడం కంటే, ఆ బంకు ముందు నిలబడకుండా ఉండడం నాకు సులువైంది. ఒక ఏడాది తాగకుండా ఉంటే పొగ వల్ల వచ్చే ముప్పు దాదాపు సగానికి పడిపోతుందని మా డాక్టరు చెప్పారు. ఆ ఏడాది లెక్కపెట్టుకుంటూ గడిపాను.

కడప నర్సు:

నేను కడపలో క్యాజువాలిటీలో స్టాఫ్ నర్సును. డాక్టరుగారు చెప్పినవి మళ్లీ చెప్పను. ఇంటి నుంచి మా గుమ్మం దాకా మధ్యలో జరిగే పొరపాట్లు మాత్రం రాస్తాను.

నొప్పి వచ్చిన మనిషిని మెట్లు ఎక్కించి, దింపి, బండి వెనక కూర్చోబెట్టి తీసుకొస్తారు. కొందరు తామే బండి నడుపుకుంటూ వస్తారు. దారిలో స్పృహ తప్పితే ఇద్దరు ముగ్గురి ప్రాణాలు. కూర్చున్న చోటనే కూర్చోబెట్టి 108ను పిలవాలి. ఆస్పిరిన్ పడనివారు, కడుపులో పుండుతో రక్తం పోయినవారు కాకపోతే, 108లో మాట్లాడేవారిని అడిగి, 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ మాత్రను మింగకుండా నమలమనండి. నాలుక కింద పెట్టుకొనే సార్బిట్రేట్‌ను మాత్రం ఫోన్లలో తిరిగే సలహా చూసి ఎవరికి పడితే వారికి పెట్టవద్దు. బీపీ పడిపోయి ఉన్న మనిషికి అది పెడితే ఇంకా పడిపోతుంది. అలా పెట్టించుకొని నాడి దొరకని స్థితిలో వచ్చినవారిని నేను చూశాను. గట్టిగా దగ్గితే గుండెపోటు ఆగుతుందన్న మాట కూడా అబద్ధం. దగ్గుతూ కూర్చున్నవారు ఫోన్ చేయవలసిన సమయాన్ని పోగొట్టుకుంటారు, అంతే.

గుండెపోటు, గుండె ఆగిపోవడం ఒకటి కాదు. గుండెపోటు వచ్చిన మనిషి మాట్లాడుతూనే ఉంటాడు, నాళం మూసుకుపోతూ ఉంటుంది. అందులో కొందరికి గుండె లయ తప్పి ఒక్కసారిగా ఆగిపోతుంది. అప్పుడు మనిషి పలకడు, శ్వాస ఉండదు, లేదా గురక లాగా ఎప్పుడో ఒకసారి ఎగశ్వాస వస్తుంది. ఆ ఎగశ్వాసను చూసి ఊపిరి ఉందని నీళ్లు చల్లుతూ, అరికాళ్లు రుద్దుతూ కూర్చుంటారు. అది ఊపిరి కాదు. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము ఎముక మధ్యలో రెండు చేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి, మోచేతులు వంచకుండా, రెండంగుళాల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ, ప్రతిసారీ ఛాతీ తిరిగి పైకి లేవనిస్తూ, అంబులెన్సు వచ్చేదాకా ఆపకుండా నొక్కాలి. రెండు నిమిషాలకే చెయ్యి పడిపోతుంది, కనుక మరొకరు అందుకోవాలి. పక్కటెముక విరుగుతుందేమోనని వదిలేయవద్దు, ఎముక అతుకుతుంది.

ఇంకొకటి. ఈసీజీ కాగితం వేడికి అచ్చు పడే కాగితం; చొక్కా జేబులో పెట్టుకొని చెమటకు తడిపి, ఎండలో తెచ్చేసరికి గీతలు వెలిసిపోయి ఉంటాయి. తీసిన క్షణమే ఫోన్లో ఫొటో తీసుకోండి, టైము కనిపించేలా. తర్వాతి ఆసుపత్రిలో దానిని పక్కన పెట్టి పోల్చుకుంటేనే మార్పు తెలుస్తుంది. మీ ఉత్తరంలో ఆ పన్నెండున్నర కాగితం సంగతి లేదు. ఉంటే జాగ్రత్త చేయండి.

అందరూ మగవారి గురించే మాట్లాడుతున్నారు కనుక ఒక మాట. నలభై నిండని ఒక తల్లి మూడు రోజులుగా దవడ లాగుతోందని, గదులు ఊడిస్తే ఆయాసం వస్తోందని అంటూ ఉంటే, ఇంట్లో రక్తం తక్కువగా ఉందనుకొని దానిమ్మ రసం ఇచ్చారట. మా దగ్గర ఈసీజీ తీసిన తర్వాత గాని ఎవరూ నమ్మలేదు. ఆడవారికి ఛాతీ పట్టుకొని పడిపోయే నొప్పి రాకపోవచ్చు. నీరసం, ఆయాసం, వీపు మధ్యలో లాగడం, వాంతి వంటివి మగవారి కంటే ఎక్కువగా చెబుతారు. చెప్పడమే ఆలస్యంగా చెబుతారు.

తాడిపత్రి అన్న:

అందరికీ కృతజ్ఞతలు. పది రోజుల తర్వాత వస్తున్నాను, క్షమించండి.

డాక్టర్ గారు చెప్పినట్లు అమ్మను అడిగాను. ముందు ఎండదెబ్బే అన్నది. ఏ నెల అని అడిగితే కాసేపు ఆలోచించి, కార్తీక సోమవారం అన్నది. ఆ రోజు తాను ఉపవాసం ఉన్నానని, సాయంత్రం దీపం పెట్టక ముందే కబురు వచ్చిందని చెప్పింది. ముందు రాత్రి నాన్న ఎడమ భుజం లాగుతోందని, గుండెల్లో మంటగా ఉందని అన్నారట. అమ్మ వాము, ఉప్పు నలిపి వేడినీళ్లతో ఇచ్చి, భుజానికి అమృతాంజనం రాసింది. ఉదయం తగ్గిందని చెప్పి చేనుకు వెళ్లారు. ఇదంతా చెప్పిన తర్వాత అమ్మ, అయితే అది ఎండదెబ్బ కాదారా అని అడిగింది. నాకు ఏమి చెప్పాలో తెలియక, తెలియదమ్మా అన్నాను.

అనంతపురంలో పరీక్షలు చేయించుకున్నాను. అక్కడ ఇచ్చిన ఫారంలో కుటుంబంలో గుండె జబ్బు అన్న వరుస ఉంది. పోయిన ఏడాది ప్యాకేజీలోనూ ఆ వరుస ఉండేది. నేను లేదు అని రాసి సంతకం పెట్టాను. ఈసారి తమ్ముడు 34, తండ్రి 49 అనుమానం అని రాశాను. ఎల్‌డీఎల్ 168, మంచి కొలెస్టరాల్ 34, ట్రైగ్లిజరైడ్లు 240, లైపోప్రోటీన్-ఎ 96, హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చాయి. బీపీ మూడు రోజులు వరుసగా 146 మీద 94 దగ్గరే ఉంది. నడుము 98. ఎకో బాగుంది. కొవ్వు మాత్ర, బీపీ మాత్ర మొదలుపెట్టారు. ఆ పన్నెండున్నర ఈసీజీ కాగితం బండి డిక్కీలో దొరికింది. నర్సమ్మగారు చెప్పినట్లే సగం వెలిసిపోయింది, టైము మాత్రం కనబడుతోంది.

తమ్ముడు సిగరెట్టు ముట్టలేదు. ప్రొద్దుటూరు అన్న రాసినది వాడికి చదివి వినిపిస్తే, ఎడమ వైపు తిరిగి పడుకోవడానికి భయమన్న చోట నా చేతిలోంచి ఫోన్ తీసుకొని మళ్లీ తానే చదువుకున్నాడు.

రెండు సందేహాలు మిగిలాయి. నాకు పన్నెండేళ్ల కొడుకు, తమ్ముడికి ఆరేళ్ల కూతురు ఉన్నారు. వాళ్లకు ఏమైనా చేయించాలా? తమ్ముడి పంపింగ్ 38 నుంచి పెరుగుతుందా?

కర్నూలు ఫిజీషియన్:

మీ అబ్బాయికి ఇప్పుడే ఒకసారి లిపిడ్ ప్రొఫైల్ చేయించండి, ఆ వయసు సరిపోతుంది. తమ్ముడి కూతురి విషయం పిల్లల డాక్టరుతో మాట్లాడండి. తండ్రికి ఇంత చిన్న వయసులో వచ్చింది కనుక ఆమెకు కూడా ముందుగానే చూడమని అనవచ్చు. ఇద్దరికీ ఇప్పుడు మందులు ఏమీ అవసరం ఉండకపోవచ్చు, ఇంట్లో పొగ లేకపోవడం చాలు.

పంపింగ్ పెరిగే అవకాశం ఉంది. గుండెపోటు వచ్చినప్పుడు కండరంలో కొంత చచ్చిపోతుంది, కొంత మొద్దుబారి ఊరుకుంటుంది; ఆ మొద్దుబారిన భాగం వారాల మీద తేరుకుంటుంది. స్టెంటు వేసిన మూడు నెలలకు మళ్లీ ఎకో తీస్తారు. 35 లేదా అంతకంటే తక్కువగానే ఉండిపోతే లయ తప్పితే సరిచేసి కాపాడే పరికరం గురించి గుండె డాక్టరు మాట్లాడతారు. 38 నుంచి మొదలైన మనిషికి, మాత్రలు మానకుండా ఉంటే, నాకు ఆశ ఎక్కువే. ఎల్‌డీఎల్ 55 లోపలికి వచ్చిందా అన్నది ఆ రోజే చూపించుకోండి. మీది కూడా ఆరు వారాలకు మళ్లీ పరీక్ష చేయించండి. మీకు లైపోప్రోటీన్-ఎ ఎక్కువగా ఉంది కనుక ఎల్‌డీఎల్ ఎంతకు దించాలన్నది మీ డాక్టరు మామూలు కంటే గట్టిగానే చెబుతారు.

అమ్మగారికి, అది ఎండదెబ్బ కాకపోయినా ఆ రోజుల్లో వాము నీళ్లు ఇవ్వడం కంటే ఎవరూ ఇంకేమీ చేయగలిగి ఉండేవారు కాదని చెప్పండి. మూడు నెలల ఎకో రిపోర్టు వచ్చాక ఇక్కడే రాయండి.